బయట గొళ్లెం లేని తలుపు

తెల్లారేసరికి ఆకాశం ముసురు పట్టి, ఒక్క చినుకైనా రాల్చకుండా మూతి ముడుచుకు కూర్చుంది. మిషను పిన్ని దాన్నొకసారి చూసి, గొడుగు తీసుకోకుండానే మహిళా సంఘం ఇంటికి బయల్దేరింది. ఇవాళ మునిసిపాలిటీ ఆఫీసు వాళ్లు ఆ ఇంటికి సీలు వేస్తారు. సీలు పడితే ఇల్లు ఖాళీ అని తేలుతుంది. తేలిందా, చుట్టూ లేచిన అద్దాల మేడల నడుమ ఇంకో మేడకి జాగా అయిపోతుంది.

పిన్నికి కుట్టు వచ్చింది ఆ ఇంట్లోనే. మొగుడు పోయాక నలుగురిలో తలెత్తుకు నిలబడిందీ అక్కడే.

తోటి ఆడవాళ్లు అప్పటికే కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు. అధికారి తాళం, లక్క పట్టుకుని, ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. చూస్తే ఆ వడ్రంగి పిన్ని సొంత మరిదే!

"ఏం మరిదీ, వదిన గూడు పీకడానికి నువ్వే దొరికావా?"

"పిలిస్తే వచ్చాను వదినా, పనేమిటో చెప్పలేదు," అన్నాడతను తల గోక్కుంటూ.

అధికారి తాళం పట్టుకుని తలుపంతా తడిమాడు. లోపల జానెడు గడియ ఉంది గాని, బయట గొళ్లెమే లేదు.

"ఇదేం తలుపమ్మా?"

"ఈ సంఘం పెట్టిన మా అవ్వలు చేయించింది," అంది పిన్ని. " ఆడదాన్ని లోపలుంచి బయట గొళ్లెం పెట్టే కొంపలు చూసినవాళ్లు. అందుకే ఇక్కడ గడియ లోపలే ఉండాలన్నారు. వేసేదీ తీసేదీ మేమే."

"గొళ్లెం ఇప్పుడు కొట్టిస్తాం. ఇల్లు ఖాళీ అని కాగితంలో ఉంది."

"ఖాళీయా!" పిన్ని మిషను ముందు కూర్చుని చక్రం తిప్పింది. "ఎవరే ఇక్కడ ఖాళీగా ఉంది?"

"తల గోక్కునే తీరిక నీ మరిదికే ఉంది పిన్నీ!" అందొకామె. నవ్వులతో పాటే మిషన్లన్నిటి మోతా లేచింది. అధికారి అరిచింది అధికారికే వినపడలేదు. కొట్టమని సైగ చేశాడు.

మరిది సుత్తి తీశాడు. తలుపు మీద అరచెయ్యి వేసి లోపలికి చూశాడు. సుత్తి మళ్లీ సంచిలో వేశాడు.

"మనుషులు లోపలుండగా బయట గొళ్లెం కొట్టను సారూ."

"రేపు ఇంకొకణ్ణి తెస్తా!"

"తెచ్చుకోండి బాబూ. మేమూ వంతులేసుకున్నాం. రాత్రైనా పగలైనా ఇక్కడ మిషను ఆగదు," అంది పిన్ని, కుట్టు మీంచి తలెత్తకుండా.

అధికారి వెళ్లాక తలుపు బార్లా తీసి, అన్నం డబ్బాలు విప్పారు. ఆ గడప మగవాళ్లు దాటరు. మరిది మెట్టు మీద కూర్చున్నాడు. పిన్ని గడప లోపల కూర్చుని, డబ్బా గడప మీద పెట్టింది. అటు నుంచి అతను, ఇటు నుంచి ఆమె, వెనక మిగతావాళ్లు. అందరూ తిన్నారు.