పప్పు ఉడకని నీళ్ళు

రమకు ఆ మిషన్ మీద కోపం లేదు. మిషన్ ఏం చేస్తుంది పాపం, ప్లగ్గు పెడితే బుస కొడుతుంది, తీస్తే ఊరుకుంటుంది. కోపమంతా దాని ముందు నిలబడి, పొద్దున లేచింది మొదలు చెంచాతో, చిన్న తక్కెడతో, ఫోన్లో గడియారంతో కుస్తీ పట్టే మనిషి మీదే. ఆ మనిషి ఆమె మొగుడు పరశురాములు.

పరశురాములు పదకొండేళ్ళుగా దోహాలో ఉన్నాడు. నాలుగేళ్ళు ఒక పెద్ద హోటల్లో నేల తుడిచాడు. తర్వాత ఏడేళ్ళు అదే హోటల్లో కాఫీ కౌంటర్ మీద పనిచేశాడు. ఆయన చేసిన కాఫీ తాగి దేశదేశాల వాళ్ళు మెచ్చుకున్నారట. ఈసారి రెండు నెలల సెలవు మీద ఊరికి వస్తూ, చుట్టాలంతా సెంటు సీసాల కోసం ఎదురుచూస్తుంటే, దుప్పట్లలో చుట్టి చంటిపిల్లను మోసినట్టు ఆ ఎస్‌ప్రెస్సో మిషన్ మోసుకొచ్చాడు. వచ్చిన పూటే అందరి ముందూ చెప్పేశాడు.

"ఆడ చేసిన కాఫీ గీ ఇంట్ల చేసి చూపిస్త. సెలవు అయిపోయేలోపట సక్కగ వచ్చిందనుకో, వేములవాడల గుడి తొవ్వకు కొట్టు పెట్టుకుని ఇగ ఈడ్నే ఉంట. రాలేదనుకో, మల్ల విమానం ఎక్కుడే."

రమ చెవిన పడింది ఒక్క ముక్కే, ఈడ్నే ఉంట అన్నది. బాయికాడి పొలం, రెండు బర్రెలు, అత్త కొమురవ్వ కంటి ఆపరేషన్, బిడ్డ స్నిగ్ధ చదువు, అన్నీ పదకొండేళ్ళు ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి ఆమె. మొగుడు ఇంట్లో ఉండటమంటే ఎట్లా ఉంటుందో మరిచేపోయింది. ఆ కాఫీ ఏదో తొందరగా కుదిరితే చాలునని కనిపించిన దేవుడికల్లా మొక్కింది.

కుదరలేదు.

మొదటి కప్పు నోట్లో పోసుకుని, మొహం అదోలా పెట్టి, వాష్‌బేసిన్‌లో ఉమ్మేశాడు. సుద్దముక్క నాకినట్టుంది అన్నాడు. పక్కన బియ్యం చెరుగుతున్న రమ తలెత్తకుండానే అడిగింది.

"బోరు నీళ్ళేనా పోసింది?"

"ఆఁ. ఏం?"

"గా నీళ్ళల్ల పప్పే ఉడుకది. బిందెల బాయి నీళ్ళున్నయ్, గవి పొయ్యి."

పరశురాములు నవ్వాడు. ఏడేళ్ళు కౌంటర్ మీద నిలబడ్డవాడు నవ్వే నవ్వు అది. "కాఫీ పప్పు కాదే పిచ్చిదానా. పొడి సన్నమా దొడ్డా చూసుకోవాలె, తూకం చూసుకోవాలె, వేడి చూసుకోవాలె. నీళ్ళదేమున్నది?"

దోహాలో ఆయన మిషన్‌కు నీళ్ళు గోడలోంచి పైపులో వచ్చేవి. ఆ గోడ వెనక ఏ ఫిల్టరు పెట్టారో, దాన్ని ఎన్నాళ్ళకోసారి ఎవరొచ్చి మార్చిపోతారో ఆయన ఏనాడూ చూసింది లేదు. రమ మాత్రం కాపురానికి వచ్చిన వారంలోనే బోరు నీళ్ళతో పప్పు పెట్టి, మధ్యాహ్నం దాకా పొయ్యిలోకి కట్టెలు ఎగదోసి, అత్తతో చీవాట్లు తిని నేర్చుకుంది. అప్పటినుంచి పొలం దగ్గరి బాయి నుంచి వస్తూ రోజూ ఒక క్యాను నీళ్ళు పప్పు కోసమని తెచ్చి బిందెలో పోస్తుంది. ఆ ఇంట్లో పప్పు వెన్నలా ఉడికేది ఆ నీళ్ళ వల్లే.

ఇక చూడాలి ఆ ఇంటి అవస్థ. పొడి సన్నం చేస్తే చేదన్నాడు, దొడ్డు చేస్తే పలచగా ఉందన్నాడు. చిక్‌మగళూరు గింజలు తెప్పించాడు, అవి బాగాలేవని అరకు గింజలు తెప్పించాడు. మిషన్ వేడెక్కుతుండగా స్నిగ్ధ ఇస్త్రీపెట్టె పెడితే మెయిన్ పడిపోయింది. బిడ్డను తిట్టాడు, కరెంటును తిట్టాడు, ఇంటికి వైరింగ్ చేసిన వాణ్ణీ తిట్టాడు. మిషన్‌తో కాదనుకుని చేతి సామాను బయటికి తీశాడు. ఒక పింగాణీ గరాటు, దాంట్లో పెట్టే కాగితం, పొడుగు ముక్కున్న కెటిల్. గుండ్రంగా తిప్పుతూ సన్నటి ధారతో పోస్తుంటే, మంచం మీద కూర్చున్న కొమురవ్వ చూసి, "ఏందిరా కొడుకా, తులసి చెట్టుకు పోసినట్టు పోస్తున్నవ్?" అంది. తర్వాత గాజు గ్లాసులో పొడి నానబెట్టి పైనుంచి జాలీ నొక్కే పద్ధతి పట్టుకున్నాడు. అదీ సుద్దే.

మధ్యలో ఒకసారి ఆయనకే తోచి, శుద్ధి చేసిన ప్లాంటు నీళ్ళ క్యాను కొనుక్కొచ్చి పోశాడు. సుద్ద పోయింది గానీ కాఫీ పుల్లగా, ప్రాణం లేనట్టు వచ్చింది. "చూసినవా, నీళ్ళది కానే కాదు" అని రమ మీదికే వచ్చి, మళ్ళీ బోరుకే పోయాడు. ప్లాంటు నీళ్ళైతే కొని పోసి చూశాడు గానీ, ఇంట్లో బిందెలో ఉన్న నీళ్ళు పోయడానికి చేతులు రాలేదు. పెళ్ళాం చెప్పిన నీళ్ళు కదా మరి!

ప్రతి కప్పుకూ నంబరు వేసి నోట్‌బుక్‌లో రాసేవాడు. డెబ్భై దాటాయి, నూరు దాటాయి. రమ తెల్లారకముందే లేచి పిండిన బర్రెపాలు బుస్సుబుస్సుమని నురగ కట్టించి, ఒక గుటక తాగి, మిగిలింది బేసిన్‌లో పారబోసేవాడు. ఆ పాలు పోతుంటే చూడలేక ఆమె బయటికి పోయేది. పక్కింటి హనుమండ్లును బతిమాలి కూర్చోబెట్టి కప్పు చేతిలో పెడితే, ఆ పెద్దమనిషి రెండు చెంచాల చక్కెర వేయించుకుని తాగి, "మంచిగున్నది అల్లుడా. ఇగ జర చాయ పోయమను" అన్నాడు.

రమ నీళ్ళ సంగతి మరో రెండుసార్లు చెప్పి చూసింది. రెండోసారి, "కాఫీ నువ్వు చేసినవా నేను చేసిన్నా ఏడేండ్లు?" అని గయ్యిమన్నాడు. మూడోసారి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరో గడ్డపాయన కాఫీ ఎట్లా చేయాలో చెప్పే వీడియో చూస్తూ, వినకుండానే తలూపాడు. రమ ఇక నోరు కట్టేసుకుంది. చెప్పి చెప్పి గోడకైనా విసుగు పుట్టించవచ్చు గానీ ఈయనతో కాదనుకుంది.

సెలవు ఇంకా పన్నెండు రోజులుందనగా, నూట నలభై మూడో కప్పు పారబోసి, పరశురాములు స్టూలెక్కి అటక మీంచి సూట్‌కేసు దించాడు. తడిగుడ్డతో దుమ్ము తుడిచాడు. ఆ తుడవటం చూస్తుంటే రమకు ఒళ్ళు మండింది. ఒక్క బిందె నీళ్ళకు ఓడి ఈ మనిషి మళ్ళీ దేశం పట్టి పోవాలా?

మర్నాడు తెల్లవారుతుండగా, ఆయన లేవకముందే, మిషన్ వెనక ఉన్న నీళ్ళ డబ్బా ఊడదీసి బోరు నీళ్ళు బయట పారబోసింది. బాయి నీళ్ళు నింపి, ఉన్నచోటే పెట్టేసి, ఏమీ ఎరగనట్టు చీపురు పట్టుకుంది.

పరశురాములు లేచి, గింజల మర మీద గీతలు చూసి రెండు గీతలు సన్నానికి తిప్పి, పొడి తూచి, నొక్కి, మీట వేశాడు. కాఫీ తేనెరంగులో సన్నగా దిగింది. ఒక గుటక తాగి ఆగిపోయాడు. రెండో గుటక తాగాడు. మూడోది మింగాక కళ్ళు మూసుకున్నాడు.

"రమా! వచ్చిందే! రెండు గీతలు! గంతే! గింతదానికి గిన్ని దినాలు పరేషానైన!"

చీపురు పట్టుకునే రమ నవ్వింది. సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వుతూనే ఆ చీపురుతో ఒకటి తగిలించాలనీ అనిపించింది. రెండు గీతలట! ఆయన ఊరంతా తిరిగి ఆ రెండు గీతల సంగతే చెప్పాడు. హనుమండ్లు ఈసారి చాయ అడగలేదు. కొమురవ్వ సగం కప్పు తాగి, "పర్వలేదురా" అంది, ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు రాదు. సూట్‌కేసు మళ్ళీ అటకెక్కింది.

తొమ్మిది రోజులు ఇదే నడిచింది. పొద్దున్నే రమ దొంగలా లేచి నీళ్ళు మార్చడం, తర్వాత ఆయన లేచి గీతల గురించి ఉపన్యాసం చెప్పడం. బతికినంత కాలం ఇట్లా నీళ్ళు మోయమన్నా మోస్తాననుకుంది. మనిషి ఇంట్లో ఉంటే చాలు, ఆ పేరు గీతలకు పోతే పోనీ.

కానీ పరశురాములు వేములవాడలో కొట్టు కోసం అద్దెకు ఒక మడిగె చూశాడు. ఆమెను కూడా తీసుకుపోయి చూపించాడు. మడిగె బాగానే ఉంది, గుడికి పోయే జనం ముందునుంచే పోతున్నారు. రమ అక్కడి నల్లా కింద సబ్బుతో చేతులు కడుక్కుంది. ఎంత రుద్దినా నురగ రాలేదు. అది ఇంటి బోరును మించిన నీళ్ళు. మడిగె ఓనరు ఓంప్రకాశ్ నవ్వుతూ, "ఆదివారం మిషన్ తెచ్చి ఈడ్నే ఒక కప్పు చేసి తాగిపియ్యి. నచ్చితే మడిగె నీదే" అన్నాడు. దోహా మేనేజర్‌కు వస్తాడో రాడో చెప్పాల్సింది కూడా ఆదివారమే.

అక్కడ ఆ నీళ్ళతో చేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఓంప్రకాశ్ ముందు మొహం మాడిపోతుంది, ఆ కోపంలో సాయంత్రానికల్లా వస్తున్నానని దోహాకు ఫోన్ చేస్తాడు. ఇప్పుడే నిజం చెప్పినా రోషానికి పోయి అదే ఫోన్ చేస్తాడు. రమకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున భూమన్న ఆటో వాకిట్లో ఆగింది. పరశురాములు మిషన్ దుప్పట్లో చుడుతున్నాడు. రమ రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టి, రెండింట్లోనూ దోసెడేసి కందిపప్పు పోసింది.

"జర ఆగు. గిది చూసి పో."

"గిప్పుడు పప్పేందే? ఆటో వచ్చింది!"

"ఆగమన్ననా లేదా?"

ఆ గొంతు విని ఆయన ఆగాడు. భూమన్న హారన్ కొట్టాడు. అరగంట గడిచింది, మళ్ళీ కొట్టాడు. పరశురాములు లోపలికీ బయటికీ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి రమ రెండు గిన్నెల మూతలూ తీసి, గరిటెతో చెరికొంత పళ్ళెంలో వేసి ముందు పెట్టింది. ఒకటి వేలు పెడితే నలిగిపోయింది. రెండోది గింజలు గింజలుగా అట్లాగే ఉంది.

"మెత్తగైంది బాయి నీళ్ళది. కానిది బోరుది. తొమ్మిది దినాల సంది నీ మిషన్ల నేనే బాయి నీళ్ళు పోస్తున్న. నువ్వు లేవకముందు."

పరశురాములు ఉడకని గింజ ఒకటి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కి చూశాడు.

"మరి గా రెండు గీతలు?"

"గీతలు నువ్వు తిప్పినవ్. నీళ్ళు నేను పోసిన."

"ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

రమ పళ్ళెం ఠక్కున కింద పెట్టింది. "చెప్పిన! మొదటి కప్పుకే చెప్పిన. మూడుసార్లు చెప్పిన. ఒకసారి నవ్వినవ్, ఒకసారి ఒర్రినవ్, ఒకసారి చెవులల్ల గవి పెట్టుకుని తలకాయ ఊపినవ్. ఇంకెట్ల చెప్పాలె, డప్పు కొట్టాల్నా?"

ఆయన మొహం నల్లబడింది. "ఏడేండ్లు చేసినోనికి నీళ్ళ సంగతి తెల్వదా అని ఊరంత నవ్వుతది. రెండు గీతలని గంత మందికి చెప్పుకుంటి. ఇగ కొట్టు లేదు, ఏం లేదు. మేనేజర్‌కు వస్తున్నని చెప్పేస్త." జేబులోంచి ఫోన్ తీశాడు.

రమ భయపడ్డది జరుగుతూనే ఉంది. అయినా ఆమె నోరు ఆగలేదు.

"ఊరు నవ్వుతదని పోతవా? నవ్వనియ్! నీ కాఫీ నాకు గుటక దిగది, అంత చేదు. తొమ్మిది దినాల సంది మంచిగున్నదని మింగుతున్న. కొట్టు పెడితే పెట్టు, లేకుంటే నా ఎంబడి బాయికాడికి రా. గానీ నువ్వు పోవద్దు. నాకు నువ్వు ఈడ ఉండాలె!"

బయట హారన్ కూడా ఆగింది. పరశురాములు ఫోన్ దించి చిన్న గొంతుతో అడిగాడు.

"గిది గూడ ముందే చెప్పినవా? నేను వినలేదా?"

ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగాడు. రమ బదులు చెప్పబోయి వెతుక్కుంది. సెలవు మీద వచ్చిపోయిన ప్రతిసారీ పచ్చళ్ళు కట్టింది, జాగ్రత్త, పైలం అంది, దిగగానే ఫోన్ చెయ్యి అంది. పదకొండేళ్ళలో పోవద్దన్న మాట ఒక్కటే ఎక్కడా దొరకలేదు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపంలో సగం తన మీదికే తిరిగింది.

"లేదు" అంది. "గిది చెప్పలే."

పరశురాములు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మిషన్ ఎత్తుకుని బయటికి పోయి ఆటోలో పెట్టి, తానూ ఎక్కాడు. "భూమన్నా, వేములవాడకు తర్వాత పోదాం. ముందుగాల బాయికాడికి తిప్పు, నీళ్ళు తీసుకపోవాలె" అనటం రమకు వినిపించింది. ఆటో కదిలింది.

గుమ్మం పక్కన బాయి నీళ్ళు తెచ్చే ఖాళీ క్యాన్లు రెండు ఉన్నచోటే ఉన్నాయి. నీళ్ళు దేంట్లో తెస్తాడట, దోసిట్లోనా? రమ చెరో చేత్తో ఒకటి అందుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో వెనక పరుగెత్తింది.

"ఏమయ్యో! క్యాన్లెవరు తెస్తరు, నీ మేనేజరా?"

ఆటో ఆగింది. పరశురాములు మిషన్‌ను ఒళ్ళోకి తీసుకుని, ఆమె కూర్చోవడానికి పక్కకు జరిగాడు.