దొడ్డికి కట్టిన పూలకంప

"ఆ కంప దొడ్డికి కట్టొద్దంటే వినవేందయ్యా?" సుబ్బమ్మ మళ్ళీ అడిగింది.

కోటేశ్వర్లు చేతిలోని మోపు దించలేదు. "ఏటా కట్టేదేగా. ముళ్ళకంప ఏడుందే తెచ్చేదానికి? గుట్టెక్కి చూడు, అంతా ఇదే."

"ఎండినా ఇసమేనన్నాడు పశువుల డాక్టరు. రెండు మేకలు పోయినయ్. ఇదీ పోవాల్నా?"

దొడ్డిలో మిగిలింది ఒక్క చూడి మేక. దాని కళ్ళూ పచ్చబడుతున్నాయి. మూతి మీద చర్మం ఎండకు పగిలి పొరలు లేస్తోంది.

ఆ కంపను ఊళ్ళోకి తెచ్చింది క్వారీ కాంట్రాక్టరు జానకిరామయ్య. గెస్ట్‌హౌస్ చుట్టూ అందానికని నర్సరీ నుంచి తెప్పించి నాటించాడు. ఎరుపూ పసుపూ కలిసిన పూలగుత్తులు చూసి ఊరు మురిసిపోయింది. పిట్టలు ఆ కాయలు తిని గుట్టంతా రెట్టలు వేశాయి. మొక్కలు కమ్ముకొని గడ్డి చచ్చింది. జనం నరికారు. నరికిన కొమ్మల్ని అలవాటు కొద్దీ మేకల దొడ్లకు కట్టుకున్నారు. వేరు గుట్ట మీదే ఉండిపోయింది, విషం ఇంటికొచ్చింది. నరికినచోట దుబ్బులు ఇంకా గుబురుగా లేచాయి. మేపుకు పనికిరాని బంజరని అధికారులతో రాయించుకుని జానకిరామయ్య గుట్ట చుట్టూ ఇనపకంచె వేశాడు.

ముందురోజు పంచాయతీ ఆఫీసు ముందు జనం అతన్ని నిలదీశారు.

"నేనేం చేసేది? పిట్టల మీద కేసు పెట్టుకోండి," అన్నాడతను.

మేకలు కాసుకునే మాబున్నీసా ముందుకొచ్చింది. "పెడతాంలే అయ్యా. ఇనపకంచె ఏసిన పిట్టేదో చెప్పు."

జనం నవ్వారు. ఆ ఊపులోనే గెస్ట్‌హౌస్‌కు నడిచి, చుట్టూ ఉన్న పూలకంపను గడ్డపారలతో వేళ్ళతో సహా పెళ్ళగించారు. సాయంత్రానికి పోలీసులు మాబున్నీసాను జీపెక్కించారు. ఇంకే ఆడమనిషైనా కంప పీకడానికి గుట్టెక్కితే ఆమె మొగుడికి క్వారీలో పని ఉండదని మేస్త్రీ ఇంటింటికీ చెప్పిపోయాడు. కోటేశ్వర్లు ఆ క్వారీలోనే డ్రిల్లు పట్టేవాడు. భార్యాభర్తల అసలు తగువు అక్కడుంది.

ఈ రోజు పొద్దుగూకేలోగా మేక కూలబడింది. కడుపులో పిల్ల కాసేపు కదిలి ఆగిపోయింది.

అందరూ అన్నాల ముందు కూర్చున్నారు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు శ్రీదేవి మెల్లగా అంది. "వీధిలో అత్తలంతా నిన్నే అడగతన్నారమ్మా. కంప పీకేదానికి నువ్వొస్తే వస్తారంట."

"వచ్చి?" కోటేశ్వర్లు తలెత్తలేదు. "పీకితే వానకి మళ్ళా లేస్తది. వాడు మళ్ళా కేసు పెడతాడు. గెలుస్తారంటే గడ్డపార నేనే ఇస్తా."

"గెలవం," అంది సుబ్బమ్మ.

అత్త మహాలక్ష్మమ్మ ముద్ద చేతిలోనే పెట్టుకుని కోడలి వైపు చూసింది.

సుబ్బమ్మ అందరి కంచాల్లో పులుసు పోసి గరిట కింద పెట్టింది.

"రేపు పొద్దున ఆడోళ్ళమంతా గుట్టెక్కుతన్నాం. కంచె లోపల మొదలుపెడతాం, ఏళ్ళతో సహా. నీ పని పోద్ది. నన్నూ తీసకపోతారు. చెప్పకుండా పోవడం బాగోదని చెబుతన్నా. తినండి, అన్నం చల్లారతంది."