జిగురు కోటు

దొరబాబు తను కొన్న కోటు తెచ్చి కౌంటరు మీద పరిచాడు. కుముదిని దాన్ని దగ్గరికి లాక్కుని చూసింది. రొమ్ము మీద బట్టంతా పొక్కులు పొక్కులుగా లేచి, వేయించిన అప్పడంలా ఉంది.

కువైట్ సిటీలోని ఆ అమెరికన్ కోట్ల దుకాణానికి కుముదిని మేనేజరు. విజయవాడ నుంచి భర్త ఉద్యోగం వెంట వచ్చి, ఊరికే కూర్చోలేక అమ్మకాల్లో చేరి, పన్నెండేళ్లలో ఆ కుర్చీ దాకా ఎదిగింది. ఒకప్పుడు ఆ బ్రాండు పేరు చెప్పడమే ఆమెకు గర్వం. కోటు లోపల గట్టి నేతగుడ్డ పెట్టి, దారంతో ఓపిగ్గా కుట్టేవారు. ఏళ్ల తరబడి వేసినా రూపు చెడేది కాదు. ఆ తర్వాత కంపెనీ చేతులు మారింది. పేరు అదే, ధర అదే. లోపలి గుడ్డను మాత్రం జిగురుతో అంటించేస్తున్నారు. పైన పటారం, లోన లొటారం! జిగురైనా గట్టిదేనని దుబాయిలోని పై ఆఫీసువాళ్లు చెబితే కుముదిని నమ్మింది. నమ్మేస్తే ఏ బాధా లేదు కదా మరి.

దొరబాబుది కోనసీమ. ఊరి శివారు సులైబియాలో ఒక గోడౌన్‌లో పని.

"సూపర్‌వైజరు ఇంటర్వ్యూకని కొన్నానండి. నలిగిపోద్దని కారులో తగిలించేనండి. మజ్జాన్నం తీసి చూద్దును గదా, ఇదండీ దీని వాలకం! ఉత్త చొక్కాతోనే ఎల్లేను. ఆ ఉజ్జోగం వచ్చినా రాకపోయినా నా రాతండి. కానీ మీ దుబాయోళ్లకి రాస్తే, నేనే పాడుచేసేనన్నారండి. అదొక్కటీ ఒప్పుకోనండి నేను."

"ఇంత ఎండల్లో కారులో ఎందుకు పెట్టారండీ?" అంది కుముదిని, చేతికందిన సాకు పట్టుకుని.

"ఆయ్, మీరే చెప్పేరు గదండీ మేడంగారూ! మడతెట్టొద్దు, కారులో హ్యాంగరుకి తగిలించుకోండి, ఆఫీసు కాడ దిగి ఏసుకోండి అని."

కుముదిని ముఖం వేడెక్కింది. చెప్పింది నిజమే. ఈ దేశంలో జూలై నెలలో ఒంటి మీద కోటుతో కారెక్కేవాడు ఎవడు? అందుకే కొన్న ప్రతివాడికీ ఆ సలహా ఇచ్చి మరీ పంపేది. పాత కోట్లకు దానివల్ల ఏ హానీ జరగలేదు. ఇప్పుడు ఆ మాటే ఒక మనిషిని దోషిగా నిలబెట్టింది. 'కొన్నవారి పొరపాటు' అన్న కాగితం మీద మేనేజరుగా ఆమె సంతకం పెడితే సరిపోతుందని దుబాయి నుంచి అప్పటికే కబురు వచ్చి ఉంది.

"కోటు ఇక్కడ ఉంచి శనివారం రండి," అంది.

ఇంట్లో భర్త అనంతరామ్ సంగతంతా విని, "సంతకం పెట్టెయ్. వచ్చే నెలలో నీ కాంట్రాక్టు రెన్యూవల్. వాళ్లతో నీకెందుకు?" అన్నాడు.

"వాళ్లతో కాదండీ, నాతో నాకే గొడవ. ఆయన్ను కారులో పెట్టమన్నది నేను."

శుక్రవారం మధ్యాహ్నం ఆమె బీరువాలోంచి అనంతరామ్ పాత కోటు తీసింది. అదీ ఆ దుకాణానిదే, ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్నది.

"అది నాది!"

"తెలుసు."

దుకాణం నుంచి తెచ్చిన కొత్త కోటును, ఆ పాతదాన్ని పక్కపక్కనే తన కారులో తగిలించి, కారును నీడ లేని చోట నిలిపింది. భోజనాలయ్యాక ఇద్దరూ కిందికి దిగారు. తలుపు తీయగానే సెగ ముఖాన కొట్టింది. అనంతరామ్ ముందు తన కోటు తడుముకున్నాడు. చెక్కు చెదరలేదు. కొత్తది మాత్రం లోపలి జిగురు కరిగి, దొరబాబు కోటుకు తోబుట్టువులా పొంగి ఉంది.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ," అన్నాడు అనంతరామ్. సంతకం ఊసు మళ్లీ ఎత్తలేదు.

శనివారం దుకాణం తెరవగానే కుముదిని దుబాయి పెద్దమనిషికి ఫోన్ చేసింది.

"నేను సంతకం పెట్టను సార్. తప్పు కొన్నాయనది కాదు. మన కోటుది. ఆ డబ్బు వెనక్కి ఇచ్చేస్తున్నాను."

"ఒకడికి ఇస్తే అందరూ వస్తారు. అందరికీ ఇస్తావా?" అన్నాడాయన. "వచ్చే నెల నీ కాంట్రాక్టు నా బల్ల మీదికే వస్తుంది. గుర్తుందా?"

ఆమెకు భయం వేసింది. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా సంగతేమిటి, కూతురు అమృత స్కూలు ఫీజేమిటి అని మనసు క్షణంలో ఊరంతా తిరిగొచ్చింది.

"గుర్తుంది సార్," అని ఫోన్ పెట్టేసింది.

దొరబాబు రాగానే డబ్బు చేతిలో పెట్టి, రసీదు మీద 'సరుకు లోపం' అని స్వయంగా రాసి సంతకం చేసింది. దొరబాబు డబ్బు లెక్క చూసుకోలేదు గానీ, ఆ రెండు మాటలూ మళ్లీ మళ్లీ చదువుకున్నాడు.

"ఇది చాలండి నాకు," అన్నాడు. అని, కదలకుండా అక్కడే నుంచున్నాడు.

"ఇంకేమిటండీ?"

"మరేనండి... బయట మావోళ్లు నలుగురున్నారండి. ఆళ్ల కోట్లూ ఇలాగే పొంగిపోయేయండి. ముందు నువ్వెల్లి చూడరా, ఆవిడేమంటారో అని నన్ను తోలేరండి."

కుముదిని అద్దంలోంచి చూసింది. వీధిలో, ఎండలో, చేతుల మీద కోట్లు వేసుకుని నలుగురు మనుషులు బెరుగ్గా ఇటే చూస్తున్నారు. ఒకతను ఆమె చూపు తగలగానే తల దించుకున్నాడు.

ఆమె కౌంటరు దాటి వెళ్లి తలుపు బార్లా తీసింది.

"లోపలికి రండి, ఎండలో ఏం నిలబడతారు? ముందు ఎవరిది?"