హైమవతి చిటికెన వేలు

నేను ఒక నల్ల కీబోర్డును. నేను పుట్టిన ఫ్యాక్టరీలో గంటకి వెయ్యిమందిమి పుట్టేవాళ్ళం కనుక పుట్టుక గురించి చెప్పుకోవడానికి గొప్పలేమీ లేవు. మొదట ఒక ఫోటో స్టూడియోలో చేరాను. పెళ్ళికొడుకుల మొటిమలు చెరపడానికి నా మీటల్లో రెండే అవసరమయ్యేవి. అయినా నేనేదో పెద్ద కళాకారిణిననుకునేదాన్ని. స్టూడియో మూతపడ్డాక పాత సామానుతోపాటు హైమవతి దగ్గరికి వచ్చిపడ్డాను.

మండలాఫీసు ఎదురుగా, జిరాక్సు షాపు పక్కన ఆమెది చిన్న గది. జనం చెప్పింది విని అర్జీలు టైపు చేసి ఇచ్చేది. అంతకుముందు ఏడాది ఎడమవైపు పక్షవాతం వస్తే, ఆరునెలలు రబ్బరు బంతి పిసికి చేతిని తిరిగి దారికి తెచ్చుకుంది. అన్నిటికన్నా ఆఖరున మాట విన్నది చిటికెన వేలు.

కంప్యూటరు పాతది. ఒకప్పుడు ఆమె దగ్గరే టైపు నేర్చుకుని ఇప్పుడు కాలేజీ ల్యాబులో పనిచేస్తున్న నసీమా అందులో లినక్సు అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించింది. కరెంటు కోతలు మొదలయ్యాక, ఇన్వర్టరు తొందరగా అయిపోకుండా పొదుపు చేసే ప్రోగ్రామొకటి పెట్టి వెళ్ళింది. అప్పటినుంచీ అక్కడక్కడా ఒక అక్షరం పడడం మానేసింది. నేను మాత్రం ఒళ్ళొంచి పనిచేస్తున్నాననే అనుకున్నాను.

ఒకరోజు పాపాయమ్మ అనే పెద్దావిడ వచ్చింది. ఆమె పొలానికి వెళ్ళే దారికి అడ్డంగా పక్కవాళ్ళు కంచె వేశారు. అదంతా చెబుతూ, "నాకు..." అని ఆగిపోయింది. కొంగుతో కళ్ళొత్తుకుంది. హైమవతి వేళ్ళు నా మీదే ఎదురుచూశాయి. కాసేపటికి, "అన్నేయం జరిగిందమ్మా" అంది.

మూడోరోజు అదే కాగితం పట్టుకుని తిరిగొచ్చింది.

"నాకు న్యాయం జరిగిందని రాశావంట గదమ్మాయ్! జరిగితే మళ్ళీ ఎందుకొచ్చావని ఆఫీసులో ఒకటే నవ్వు. కాయితం తీసుకోలేదు."

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి హైమవతిది. 'ఏ' మీట ఒక్కటి పడకపోతే అన్యాయం కాస్తా న్యాయమైపోతుంది. ఆ మీట ఎడమ చిటికెన వేలిది. ఆమె మొహం పాలిపోయింది.

"తప్పు నాదే పిన్నిగారూ. చెయ్యి మళ్ళీ తిరగబెట్టినట్టుంది" అంటూ ఆ చేతిని కొంగు కింద దాచుకుంది. షాపు మూసేస్తున్నాను, కంప్యూటరు తీసుకుపొమ్మని నసీమాకి ఫోన్ చేసింది.

మర్నాడు నసీమా వచ్చి ముందు నన్నే అనుమానించింది. నాకది అవమానమనిపించింది. పీకి ఇంకో రంధ్రంలో గుచ్చింది. అదే వరస. జిరాక్సు షాపు కంప్యూటరుకి తగిలించింది. అక్కడ ఒక్క అక్షరం కూడా పోలేదు. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

"చూశావా, దానిదేం లేదు. నా చెయ్యే" అంది హైమవతి.

నా జన్మలో అంత సిగ్గులేని గర్వం ఇంకోటి లేదు.

నసీమా ఒప్పుకోలేదు. "మీరు కొట్టండి మేడమ్, నేను చూస్తా."

పేజీ సగం దాకా తప్పు లేదు. హైమవతి కళ్ళజోడు తుడుచుకోవడానికి ఆగింది. తర్వాతి అక్షరం పడలేదు. నసీమా ఆమెను లేపి తాను కూర్చుంది. చేతులు కట్టుకుని పది లెక్కపెట్టి, మీట నొక్కింది. తెర మీద ఏమీ లేదు.

"నాదీ పడలా మేడమ్! మరి నా చేతికేమొచ్చింది?" అని, మరుక్షణం నాలిక్కరుచుకుంది. "నేను పెట్టిన పొదుపు ప్రోగ్రామే ఇది. వేళ్ళు కాస్త ఆగితే ఈ కీబోర్డుని నిద్రపుచ్చుతోంది. మొదటి దెబ్బ దీన్ని లేపడానికే సరిపోతోంది."

అదీ నా నిర్వాకం. గడగడా చెప్పేవాళ్ళ అర్జీలన్నీ శుభ్రంగా కొట్టాను. మాట పెగలక ఆగినవాళ్ళ దగ్గరే కునుకు తీశాను.

ఇక నన్నెప్పుడూ నిద్రపుచ్చొద్దని నసీమా కంప్యూటరుకి ఆజ్ఞ రాసిపెట్టింది. ఆ మధ్యాహ్నమే పాపాయమ్మ అర్జీ హైమవతి మళ్ళీ కొట్టింది. ఆఫీసులో తీసుకుని రసీదిచ్చారు.

అందరూ వెళ్ళిపోయాక హైమవతి ఎడమ చిటికెన వేలిని నా మీద ఆనించి, ఏమీ కొట్టకుండా చాలాసేపు కూర్చుంది. పక్క మీట మీద ఒక కన్నీటిచుక్క పడింది.

నేను మేలుకునే ఉన్నాను.