జాలీకి అంటిన జిగురు

నా నోరు మంచిది కాదు. పనితనం మాత్రం మంచిదని ఇరవై రెండేళ్లుగా ఫ్యాక్టరీ అంతా అంటుంటే నేనూ నమ్మాను. యంత్రాల పెట్టెలకు తలుపు అంచున పట్టీ అతికించడం నా పని. ఆ పట్టీకి రెండు వరసలు. బయటివైపు రబ్బరు, వాన నీటిని ఆపడానికి. లోపలివైపు సన్నని తీగ జాలీ, వాకీటాకీల రేడియో గోల పెట్టెలోకి చొరబడకుండా ఆపడానికి. జిగురు రబ్బరు కిందే పూయాలి. జాలీ వట్టి స్టీలుకు తగలాలి. మధ్యలో జిగురు చేరిందా, జాలీ ఉన్నా లేనట్టే.

ఈ సంగతి పదిమందికి నేర్పింది నేనే. కానీ ఆ మధ్య ఒక పెట్టెకు పట్టీ జారిందని సూపర్‌వైజర్ నన్ను అందరి ముందూ కడిగేశాడు. ఆ కోపంలో తర్వాతి పెట్టెకు రెండు వరసల కిందా జిగురు దట్టించాను. ఇప్పుడు జారమను, చూస్తాను! తర్వాత పెట్టెలో కాగితం పెట్టి, పావుగంట పైపుతో నీళ్లు కొట్టాం. కాగితం తడవలేదు. పక్కన వాకీటాకీ నొక్కి చూసే పరీక్ష నేనే ఎగ్గొట్టాను.

ఆ పెట్టె మా తమ్ముడు పనిచేసే రసాయనాల ప్లాంటుకు వెళ్లింది. గ్యాసు కారితే సైరన్ మోగించే పెట్టె అది. వారం తిరక్కుండానే వాడు మా ఇంటికొచ్చాడు.

"అక్కా, ఎవడు వాకీటాకీ నొక్కినా సైరన్ మోగి చస్తోంది. పట్టీ ఏమైనా..."

"నా పనికే వంక పెడతావట్రా? గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! ఒక్క చుక్క నీళ్లు పోయాయేమో చూపించు. అంత గోలగా ఉంటే స్విచ్ కట్టేసుకుని చావు!"

"నీ నోటికో దణ్ణం తల్లీ," అని నవ్వేసి, టీ తాగి వెళ్లాడు.

వాడలా వచ్చి వెళ్లిన తొమ్మిదో రోజు పొద్దున వాడున్న పంపు గదిలో నిజంగానే గ్యాసు కారింది. సైరన్ మోగలేదు. బయటికి తెచ్చేసరికే వాడిలో ప్రాణం లేదు. నా తమ్ముడు. నేను చంకనేసుకుని తిప్పినవాడు.

విచారణ రోజు మరదలు నా పక్కన కూర్చుంది. ఎదుట బల్ల మీద ఆ పెట్టె. అధికారి తలుపు తెరిచి వేలితో లోపల తడిమాడు.

"పొడిగా ఉంది. పెట్టెలో లోపం లేదు. స్విచ్ కట్టేసింది ఇతనే. తప్పు చనిపోయిన మనిషిదే."

మరదలు నా చెయ్యి పట్టుకుంది. "వదినా, ఆయన బాధ్యత లేని మనిషా? నువ్వైనా చెప్పు."

నోరు మూసుకుంటే నా పేరూ ఉద్యోగమూ పదిలం. వాడు మాత్రం శాశ్వతంగా తప్పు చేసినవాడే. ఆ ఆలోచన భరించలేక లేచాను. బల్ల దగ్గరికి వెళ్లి, చాకుతో పట్టీని ఊడబెరికాను.

"చూడండి. ఈ జిగురు జాలీ కింద ఉండకూడదు. పూసింది నేను. ఉత్తపుణ్యానికి సైరన్ మోగింది దీనివల్లే."

"మరి స్విచ్?"

"కట్టెయ్యమన్నదీ నేనే."

వెనక్కి తిరిగేసరికి మరదలు నిలబడి ఉంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"ఆ రోజు మీ ఇంటి నుంచి వచ్చి, 'అక్క చేసిందంటే పెట్టెలో తప్పుండదే' అన్నారు ఆయన."