రెండు వేళ్ళ మిగులు

సమ్రీన్‌కు కాలు ఒకచోట నిలవదు. కుట్టు మిషన్ ముందు కూర్చున్నా, అన్నం ముందు కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. ఆ వారమైతే మరీను. తాండూరులో దాదీ, అంటే నాయనమ్మ అష్రఫున్నీసా పెట్టిన బట్టలు కుట్టే షాపును నాన్న జహూర్ ఇక మూసేద్దామనుకున్నాడు. రెడీమేడ్ల ముందు నిలబడలేక ఆయన విసిగిపోయాడు. ఫోన్లమ్మే రాకేష్ షట్టర్ అద్దెకు అడుగుతున్నాడు. ఆదివారం వికారాబాద్ చేనేత మేళాలో కూతురు కుట్టిన కుర్తాలు అమ్ముడుపోతే సరి, లేదంటే సోమవారం తాళంచెవి రాకేష్‌కే అని తేల్చి చెప్పాడు.

కుర్తాలు మాత్రం ముచ్చటైనవి. రెండు వైపులా తొడుక్కోవచ్చు. ఒకవైపు నీలం, రోజూ పనికి. తిప్పితే పసుపు, పెళ్ళికి పేరంటానికి. ఒకటి కొంటే రెండు కొన్నట్టే, బీరువా నింపుకోనక్కర్లేదు. మిగిలిన ముక్కలు పారేయకుండా వాటితో సంచులు కూడా కుట్టింది. గొడవంతా దాదీతోనే వచ్చింది. ఏ బట్ట కుట్టినా పక్క కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మిగులు వదలాలని ఆవిడ పట్టు. ఒళ్ళు పెరిగితే విప్పుకోవాలి కదా. రెండు వైపులా తొడిగేదానికి లోపలంటూ ఎక్కడుందని సమ్రీన్ వాదించి, మిగులంతా కుట్టు అంచు దాకా కత్తిరించేసింది. దాదీ మూతి ముడుచుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

మేళాలో ఆడవాళ్ళు ఎగబడ్డారు. తిప్పి చూశారు, భుజాన వేసుకుని ఫోటోలు దిగారు. ఆ తర్వాత అందరి వేళ్ళూ పక్క కుట్టు దగ్గరికే పోయాయి. ఈ వైపు ఆడవాళ్ళు ధర అడిగే ముందు మిగులెంతుందో తడుముతారు. సమ్రీన్ కూడా చిన్నప్పటి నుంచీ అలాగే తడిమేది. తను చేసేదే తను మర్చిపోయినందుకు ఆమెకు తన మీదే ఒళ్ళు మండింది. యాలాల్ నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచరు జ్యోతిరాణి కూడా కుర్తాను మడిచి పెట్టేసింది.

"మస్తుగున్నది గని చెల్లె, వచ్చే ఏడు జర లావైతే పారెయ్యాల్నా?"

జహూర్ ఇక సామాను సర్దమన్నాడు. సమ్రీన్ వినలేదు. బ్లేడుతో ఒక సంచిని విప్పింది, ఆ కుర్తా పక్కలూ విప్పింది. కుట్టినదాన్ని పాడు చేస్తున్నావని నాన్న గొణిగాడు. సంచి గుడ్డను పొడవు పట్టీలుగా చేసి రెండు పక్కలా చేత్తో కుట్టి, బిగించుకోవడానికీ వదులు చేసుకోవడానికీ నాడాలు పెట్టింది. మిగులును దాచే చోటు లేదు కాబట్టి పైనే పెట్టింది. వేలికి సూది గుచ్చుకుంది. జ్యోతిరాణి వెళ్ళిపోయిందేమోనని తలెత్తడానికే భయపడింది. ఆమె వెళ్ళలేదు. తొడుక్కుని, నాడా వదిలి, చేతులెత్తి, వంగి చూసుకుని, ఒంటిమీద నుంచి తీయకుండానే డబ్బిచ్చి పోయింది.

అదొక్కటే అమ్ముడుపోయింది.

తిరుగు రైల్లో సమ్రీన్ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోకాలు ఆడటం లేదు. జహూర్ ఆ మోకాలినే చూస్తూ కూర్చున్నాడు. ధారూర్ దాటాక మూటలోంచి ఒక కుర్తా లాగి, బ్లేడు తీసుకుని పక్క కుట్టు విప్పసాగాడు.

"రేపు రాకేష్ వస్తడు గద అబ్బూ," అంది సమ్రీన్.

"రానీ. షాపుల పనున్నదని చెప్తా. పట్టీ ఎంత వెడల్పు పెట్టాల్నో మీ దాదీని అడుగు. బతిమాలుకునుడు మాత్రం నీ పనే."

సమ్రీన్ మోకాలు మళ్ళీ ఆడటం మొదలుపెట్టింది.