సింపులా, గ్రీవియస్సా

"పళ్లేమన్నా కదుల్తున్నయ్యేంట్రా?" అనడిగాడు జగన్నాథరావు, మేనల్లుడి దవడ పట్టుకుని, గొప్ప ఆశగా.

"లేదు మావయ్యా. గట్టిగానే ఉన్నయ్యి" అన్నాడు భవానీప్రసాదు.

"సరిగ్గా చూసుకో. ఒక్క పన్నూడినా చాలు, గ్రీవియస్ కింద పడుద్ది."

పుష్పవతికి ఒళ్లు మండిపోయింది. పెద్దన్నయ్య కాబట్టి నోరు మూసుకుని, నందిగామ ఆస్పత్రి బల్ల మీద కొడుకు పక్కన ఒదిగి కూర్చుంది.

నిజం చెప్పాలంటే, ఈయన్ని పిలిపించింది ఆవిడే. ముందురోజు వాటా బావి దగ్గర ఆయిలింజన్ ఎవరి వంతని మాటామాటా పెరిగి, బావగారి కొడుకు బసవయ్య ఇంజన్ హ్యాండిలెత్తి ప్రసాదుని బాదాడు. తలకాయ నెత్తురోడుతుంటే, వాలిపోయిన ఎడమ చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చిన కొడుకుని చూసి, "ఆ బసవయ్యగాడు జైల్లో చిప్పకూడు తినాల్సిందే!" అని వీధంతా వినపడేట్టు అరిచింది పుష్పవతి. జగ్గయ్యపేట నుంచి మొదటి బస్సుకే దిగాడు అన్నయ్య. ఆయనకి సొంత కేసులు లేకపోయినా ఊళ్లోవాళ్ల కేసులన్నీ ఆయనవే. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు గానీ, దెబ్బలకి ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నాయో అన్నీ కంఠతా వచ్చు.

"సింపులని రాశారో, రేపే బసవయ్య పోలీసు స్టేషన్లోంచి మీసం తిప్పుకుంటా ఇంటికొస్తాడు. గ్రీవియస్ అని రాశారో, జైలే. దానికి ఎముక విరగాలమ్మా" అని విడమరిచి చెప్పాడు చెల్లెలికి.

పొద్దున్నే బెజవాడ పోయి చేతికి ఎక్స్‌రే తీయించుకొచ్చారు. ఇక డాక్టరు గారు పిలవడమే తరువాయి.

వరండా ఆ చివర, స్తంభానికి ఆనుకుని కూర్చుంది సీతారావమ్మ. పుష్పవతికి తోటికోడలు, బసవయ్య తల్లి. వాటాలు పంచుకున్నాక ఇద్దరికీ మాటల్లేవు. ఒళ్లో క్యారేజీ పెట్టుకుని, మూత కూడా తియ్యకుండా అలాగే చూస్తోంది. చూస్తే చూసింది, ఆవిడ కడుపు కాలితే నాకేంటి అనుకుంది పుష్పవతి.

డాక్టరు గారు లోపలికి పిలిచి, దెబ్బలన్నీ మళ్లీ చూసి, కాంపౌండరు చేత రాయించసాగాడు.

"మోకాలు, అబ్రేషన్. వీపు, కంట్యూషన్. తల, లాసరేషన్..."

ఒక్కో మాట పడుతుంటే జగన్నాథరావు మొహం విచ్చుకుంటోంది. "మంచి మాట, మంచి మాట" అని గొణుగుతున్నాడు. పుష్పవతి గుండె మాత్రం దిగజారిపోతోంది. నా బిడ్డకి ఇన్ని రోగాలేంటి తల్లీ అనుకుంది. ఉండబట్టలేక అడిగేసింది.

"అయ్యా, అవన్నీ ఏంటండీ?"

డాక్టరు గారు నవ్వాడు. "గీరుకుపోయింది, కమిలింది, చర్మం చిట్లింది. అంతేనమ్మా. చిన్న దెబ్బలకే పెద్ద పేర్లు."

"మరి చెయ్యో?"

ఆయన ఎక్స్‌రే ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "పెనుగంచిప్రోలు తిరపతమ్మ తల్లీ, విరక్కుండా చూడు. చెయ్యి పడిపోతే నా బిడ్డ నాగలెట్టా పట్టుకుంటాడు?" అని మొక్కుకుంటూ పక్కకి చూసింది. అన్నయ్య కూడా కళ్లు మూసుకుని దణ్ణం పెడుతున్నాడు. పెదాలు కదుల్తున్నాయి.

"...విరిగుండాలి తల్లీ, సన్న గీతైనా చాలు..."

పుష్పవతికి చల్లటి నీళ్లు నెత్తిన కుమ్మరించినట్టయింది. ఓరి దేవుడా! నిన్న తను వీధిలో అరిచి అడిగింది కూడా ఇదే కదా. బసవయ్య జైలుకి పోవాలంటే తన కొడుకు ఎముక విరగాలి. కేసు వద్దు, ఏమీ వద్దు, చెయ్యి బాగుంటే చాలు తల్లీ అని మళ్లీ మొక్కుకుంది.

"ఫ్రాక్చర్ లేదు" అన్నాడు డాక్టరు గారు. "వాపు తగ్గితే చెయ్యి మామూలుగా ఆడుద్ది. అన్నీ సింపులే."

పుష్పవతి పైకే నవ్వేసింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. కొడుకు చెయ్యి పట్టుకుని వేళ్లన్నీ ముద్దు పెట్టుకుంది.

"సరిగ్గా చూడండి డాక్టరు గారూ" అని బతిమాలుతున్నాడు జగన్నాథరావు. "మా కేసేం కావాలండీ?"

"అంతగా కావాలంటే నీ చెయ్యి విరగ్గొట్టుకో అన్నయ్యా!" అనేసి బయటికి నడిచింది పుష్పవతి.

వరండా చివర సీతారావమ్మ లేచి నిలబడింది. క్యారేజీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పుష్పవతి ఆవిడ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"అక్కా, సింపులే."

సీతారావమ్మ ఘొల్లుమంది. "నీ బిడ్డ చెయ్యి..."

"బాగుంది. నీ కొడుకు ఇంటికొచ్చాక వాడి వీపు నేనే చీరేస్తా, అప్పుడు అడ్డం రావాకు" అంది పుష్పవతి, ముక్కు చీదుకుంటూ. "ముందా క్యారేజీ విప్పు. మావాడు నిన్నట్నుంచీ మెతుకు ముట్టలా."